వంపు దగ్గరి మట్టి

గులాబీ రిబ్బను కట్టిన కర్ర సరిగ్గా పూల మధ్యలో దిగబడి ఉంది.

గ్లెనిస్ నోస్కి స్కూలు బస్సును వంపు దగ్గర ఆపేసింది. అక్కడ స్టాపు లేదు. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ లేరు. సెప్టెంబరు వచ్చిందంటే ఆ వంపు దగ్గర బస్సు నత్తనడక నడుస్తుందని, మిస్ మెడ సాచి కంచె పక్కకు చూస్తుందని పిల్లలందరికీ తెలుసు. ఏళ్ళుగా చూస్తున్నదే. కానీ ఇంతవరకు బస్సు ఆగింది మాత్రం లేదు.

"మిస్, ఇంజను పోయిందా?" వెనక సీట్లోంచి ఒకడు ఆశగా అడిగాడు.

"ఇంజనుకేం కాలేదు. మిస్ తన చుట్టాల్ని పలకరించడానికి దిగుతోంది" అన్నాడు వాడి పక్కవాడు. బస్సంతా నవ్వింది.

"నోళ్ళు మూసుకుని కూర్చోండి. సీట్లోంచి లేచినవాడు రేపట్నుంచి నడిచి రావాల్సి ఉంటుంది."

"నిదానంగానే రండి మిస్. మొదటి పీరియడ్ లెక్కలు."

గ్లెనిస్ దిగి, అడుగు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ కంచె వైపు నడిచింది. అటూ ఇటూ కనుచూపు మేర గోధుమ చేలు. తాతల నాటి నుంచి నాగలి తిరగని నేల ఈ చుట్టుపక్కల ఏదైనా మిగిలిందంటే, రోడ్డుకూ కంచెకూ మధ్యనున్న ఈ పట్టీయే. ఇందులోనే సాలీడు ఆర్కిడ్లు పూస్తాయి. ఒక్కో మొక్కకు నూగు పట్టిన ఒకే ఒక ఆకు, ఒకే ఒక కాడ. కాడ చివర పువ్వు, వేలాడేసిన సాలీడు కాళ్ళలా పొడుగాటి సన్నటి రేకులతో. మధ్యలో ముదురెరుపు పెదవి, దాని అంచున దువ్వెన పళ్ళలాంటి కుచ్చు. దారిన పోయేవాడికి అది గడ్డి. వంగి చూసినవాడికి మాత్రం ఆ ఏడాదికి ఇంకో పువ్వు కంటికి ఆనదు.

కర్రలు వరసగా వంపు పొడుగునా దిగేసి ఉన్నాయి. వాటి అవతల కొత్తగా పాతిన బోర్డు. కొండ మీద గాలిమరలు పెడుతున్నారు. మర రెక్కలు మోసుకొచ్చే లారీలు ఈ వంపు తిరగలేవు కాబట్టి వంపును వెడల్పు చేస్తారు. స్వచ్ఛమైన కరెంటు, పచ్చని రేపు అని పెద్ద అక్షరాలతో రాసి, పక్కన ఒక పువ్వు బొమ్మ కూడా వేశారు. ఆ బొమ్మలోది హాలండు తులిప్ పువ్వు. 

మధ్యాహ్నం డిపోలో బస్సు ఊడుస్తూ, చీపురు చంకన పెట్టుకునే పర్యావరణ శాఖకు ఫోను చేసింది. నలుగురి చేతులు మారి ఫోను ఇయాన్ ప్రోసర్ అనే అధికారి దగ్గర ఆగింది. వయసు తక్కువ, మర్యాద ఎక్కువ ఉన్న గొంతు.

"అక్కడ సర్వే అయిందండీ మిసెస్ నోస్కి. రక్షిత జాతి మొక్కలేవీ కనబడలేదని రిపోర్టు ఉంది. ఫిబ్రవరిలో చేశారు."

"ఫిబ్రవరిలోనా!"

గ్లెనిస్ చీపురు కింద పడేసింది. భూమధ్యరేఖకు దిగువనున్న ఈ దేశంలో ఫిబ్రవరి అంటే నడి వేసవి. నేల ఆర్కిడ్లన్నీ ఆకు రాల్చి, కాడ ఎండి, మట్టి అడుగున బఠాణీ గింజంత దుంపలై పడుకునే కాలం. పెంచేవాళ్ళ కుండీలు కూడా అప్పుడు వట్టి ఇసక కుండీల్లాగే ఉంటాయి. ఫిబ్రవరిలో నేల ఆర్కిడ్ల సర్వే చేయడమంటే బడికి సెలవులిచ్చాక క్లాసులో హాజరు పిలవడమే.

"ఇప్పుడు రండి. కళ్ళతో చూడండి. విరగబూసి ఉన్నాయి."

"బుధవారం వస్తానండీ. కానీ అనుమతి ఇచ్చేశారు కదా. పని శుక్రవారం మొదలవుతుంది. ఇటు సగం శుక్రవారం, అటు సగం సోమవారం."

"సరే. ఎలాగూ యంత్రం కిందికి పోయేవే కాబట్టి కొన్ని మొక్కలు నన్ను తీసుకోనివ్వండి. మా నేల ఆర్కిడ్ల సంఘానికి విత్తనం నుంచి పెంచుకునే లైసెన్సు ఉంది."

"అయ్యో, అది కుదరదండీ. రక్షిత జాతి. నేలలోంచి తవ్వితే నేరం. జరిమానా వేస్తారు. తవ్వింది సభ్యులైతే సంఘం లైసెన్సే పోతుంది. ప్రత్యేక అనుమతికి దరఖాస్తు పెట్టుకోండి, ఎండాకాలం లోపల కమిటీ కూర్చుంటుంది."

"అప్పటికి అక్కడ తారు ఉంటుంది."

"మీ బాధ నాకు అర్థమవుతోందండీ."

"నాకు మాత్రం ఏమీ అర్థం కావడం లేదు. మళ్ళీ అడుగుతాను. నేను తవ్వితే?"

"నేరం."

"వాళ్ళ పొక్లెయిన్ తవ్వితే?"

"అది అనుమతి ఉన్న పని."

"అసలక్కడ మొక్కలున్నాయా, లేవా?"

"రిపోర్టు ప్రకారమైతే లేవండీ."

"లేనివాటిని తవ్వితే జరిమానా దేనికి?"

"చూడండి మిసెస్ నోస్కి, ఇలా వాదించుకోవడం వల్ల..."

గ్లెనిస్ ఫోను పెట్టేసి చీపురు అందుకుంది. ఊడ్చిన బస్సునే మళ్ళీ మొదట్నుంచి ఊడ్చింది.

సాయంత్రం మెర్వ్ ట్రెనెరీ ఇంటి వెనక షేడ్‌నెట్ పందిరి కిందికి వెళ్ళేసరికి ఆయన కళ్ళద్దాలు ముక్కు చివరికి దించుకుని, పళ్ళు కుట్టుకునే పుల్లతో ఒక పువ్వులోని పుప్పొడి ఇంకో పువ్వుకు అంటిస్తున్నాడు. సంఘానికి అధ్యక్షుడు ఆయనే. బతుకంతా గొర్రెల ఉన్నికి గ్రేడు కట్టిన మనిషి. వేళ్ళు లావే కానీ తాకిడి మెత్తన. బల్లల మీద వరసగా కుండీలు, ఆకుపచ్చ ముసుగేసుకున్నవి, గాడిద చెవుల్లా రెండు రేకులు నిక్కబొడుచుకున్నవి, ఎండ తగిలితే తప్ప కళ్ళు తెరవని నీలాలు. కుండీల మీద పరిచిన సరుగుడు సూదుల వాసన పందిరంతా నిండి ఉంది. శనివారం టౌన్‌హాల్లో వసంత ప్రదర్శన.

గ్లెనిస్ జరిగిందంతా చెప్పింది. మెర్వ్ పుల్ల ఆపకుండానే విన్నాడు.

"తవ్వుదామంటావా?" అన్నాడు చివరికి.

"నువ్వేమంటావు?"

"ఛస్తే ఒప్పుకోను. అడవిలోంచి తవ్వుకొచ్చినవాడు ఎవడైనా సరే, ఆ క్షణమే సంఘంలోంచి బయటికి. ఈ నియమం ఎవరు రాశారు? నేనా?"

"నేనే రాశాను."

"ఆ గుంటడెవడో గాడిద చెవులు తవ్వుకొస్తే మీటింగులో నిలబెట్టి కడిగేసిందెవరు? పాపం, వాడు ఏడ్చాడు కూడా."

"అది వేరు మెర్వ్. వాడు అమ్ముకోడానికి తవ్వాడు."

"నియమంలో వేరు గీరు అని లేదు." ఆయన పుల్ల కింద పెట్టాడు. "అయినా తవ్వితే మాత్రం బతుకుతాయా? మనం ఆ వంపు దగ్గరి విత్తనంతో ఎంత తంటాలు పడ్డామో మర్చిపోయావా?"

గ్లెనిస్ మర్చిపోలేదు. సాలీడు ఆర్కిడ్ ఒంటరిగా బతికే మొక్క కాదు. తను మొలిచిన మట్టిలో ఉండే ఒకరకం బూజు దానికి తిండి పెడుతుంది. ఆ బూజు లేకపోతే విత్తనం విత్తనంలాగే ఉండిపోతుంది. అనుమతి ఉన్న రోజుల్లో వంపు దగ్గర విత్తనం పోగుచేసి, ఇతర సాలీడు జాతుల కుండీల్లో చల్లి చూశారు. మొలిచాయి. మొలిచాక ఏటికేడు దుంప చిక్కిపోయింది, కందిగింజంతై, మెంతిగింజంతై, చివరికి జల్లెడలో ఏమీ మిగల్లేదు. వంపు మట్టి వంపు దగ్గరే ఉంది మరి.

"అయితే చూస్తూ కూర్చోమంటావు."

"కూర్చోమనలేదు. అరుద్దాం. పేపరుకు రాద్దాం. దొంగతనం మాత్రం చెయ్యొద్దు. మన పందిరి కింద దొంగ మొక్క ఒక్కటి దొరికినా ఈ కుండీలన్నీ పట్టుకుపోతారు, నావీ నీవీ అందరివీ." మెర్వ్ కేకు ముక్క పెట్టిన పళ్ళెం ఆమె వైపు జరిపాడు. "తిను. కోపం మీద టీ తాగితే కడుపులో మంట."

ఆమె తినలేదు.

బుధవారం ప్రోసర్ వచ్చాడు. శుభ్రమైన బూట్లు, మెడలో కెమెరా. కంచె దాటగానే నీలగిరి చెట్టు మీది మాగ్‌పై పక్షి గూడు వదిలి బాణంలా దిగి ఆయన చెవి మీద ఒక్క దెబ్బ కొట్టింది. గ్లెనిస్‌కు తెలుసు అది కొడుతుందని. ఆమె బస్సులో ఉన్న ఐస్‌క్రీమ్ డబ్బాను టోపీలా నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఆయనకు చెప్పాలనిపించలేదు, అంతే.

"అబ్బా!" అన్నాడు చెవి రుద్దుకుంటూ. తర్వాత పూలను చూసి మళ్ళీ అదే మాట అన్నాడు, ఈసారి వేరే గొంతుతో. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక పువ్వు పెదవి మీద మగ కందిరీగ వాలి, దాన్ని ఆడ కందిరీగ అనుకుని పెనగులాడుతుంటే ఊపిరి బిగబట్టి ఫోటోలు తీశాడు. లేచేటప్పుడు ప్యాంటు దులుపుకోవడం కూడా మర్చిపోయాడు. "ఎంత బాగున్నాయండీ! పుస్తకాల్లో చూడ్డమే."

"రాయండి మరి. ఉన్నాయని రాయండి."

ప్రోసర్ మొహంలో సంతోషం దిగిపోయింది. "నేనిప్పుడు వచ్చింది అధికారికంగా కాదండీ. కేసు మూసేశారు. మూసిన కేసు మళ్ళీ తెరవాలంటే ఏదో ఒక ఘటన జరగాలి. ఉల్లంఘన లాంటిది. ఊరికే నేను చూశానంటే సరిపోదు. పైగా కంపెనీ వాళ్ళు వేరేచోట చెట్లు నాటడానికి ఒప్పుకున్నారు."

"ఏ చెట్లు?"

"చెట్లండీ. బోలెడు."

గ్లెనిస్ ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. దుర్మార్గుడైతే బాగుండును అనిపించింది. దుర్మార్గుణ్ణి తిట్టి ఇంటికి పోవచ్చు. ఈయన పువ్వుకు మోకరిల్లుతాడు, కాలు తగలకుండా పక్కన అడుగేస్తాడు, ఎల్లుండి యంత్రం దాన్ని పెకలిస్తుందంటే నొచ్చుకుంటాడు, నొచ్చుకుని ఊరుకుంటాడు.

"శనివారం కలుద్దామండీ" అన్నాడు కారెక్కుతూ. "మీ ప్రదర్శనలో బహుమతులిచ్చేది నేనే కదా. మెర్వ్‌గారు ఎప్పుడో పిలిచారు. అన్నట్టు మిసెస్ నోస్కి, ఇక్కడేమీ చెయ్యకండి. దయచేసి. తర్వాత నేనే మీ మీద రాయాల్సి వస్తుంది."

గురువారం పిల్లల్ని దింపి తిరిగి వస్తుంటే, వంపుకు ఇవతల రోడ్డు పక్కన టిప్పర్ ఒకటి హేబీ వాళ్ళ పొలం గేటులోకి వెనక్కి వెళ్తూ కనిపించింది. వెళ్ళి గేటు దగ్గరి గుంటలో మట్టి కుమ్మరించింది. హేబీ టిప్పర్ డ్రైవరు చేతికి బీరు కార్టన్ అందించాడు. ఇద్దరూ చేతులు కలిపారు.

వంపు దగ్గర పొక్లెయిన్ నిలబడి ఉంది. దాని గొలుసు చక్రం మీద కూర్చుని స్టావ్ పాపస్ మాంసం పేస్ట్రీ తింటున్నాడు. ఒకప్పుడు వాడు ఆమె బస్సు వెనక సీటు ఆసామీయే. ఇప్పుడు గడ్డం నెరుస్తోంది.

"స్టావ్, హేబీ ఇంటికి పోసిన మట్టి ఎక్కడిది?"

"రోడ్డు కింది కొసన పక్కకు గీకిందే మిస్, వంపు పని రేపట్నుంచి. పైపొర మట్టి రోడ్డు కిందికి పనికిరాదు. చెత్తదిబ్బకు తోలాలి, అంత దూరం ఎవడు పోతాడు? దారిలో కావాల్సినోళ్ళకు పోసేస్తాం. ఈ ఊళ్ళో ఎప్పుడూ అంతే కదా. ఒక కార్టన్ ఇస్తే ఒక లోడు."

"ఎవరడిగినా?"

"ఎవరడిగినా. మట్టే కదా మిస్."

గ్లెనిస్ చేయి బస్సు స్టీరింగు మీద ఉండిపోయింది. మట్టే కదా. దుంపలు మట్టిలో ఉన్నాయి. బూజు మట్టిలో ఉంది. నాలుగు మొక్కల కోసం ఆమె ఫోనుల్లో బతిమాలింది. ఇక్కడ లారీడు మట్టి ఒక కార్టన్ బీరుకు ఇంటికొచ్చి పడుతోంది. పైగా అందులో ఏ మొక్కా లేదని రిపోర్టు కూడా ఉంది.

"రేపు వంపు దగ్గర గీకేది నాకు పొయ్యి. ఇదిగో, ఆ నీలగిరి చెట్టు నుంచి ఈ కర్ర దాకా."

స్టావ్ పేస్ట్రీ నమలడం ఆపి పూల వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. "ఎంత లోతు గీకమంటారు?"

"నేనేమీ అననురా. నువ్వు ఎప్పుడూ ఎంత గీకుతావు?"

"ఒక జానెడు."

"జానెడు చాలు. తిరగెయ్యకుండా, పలకలు పలకలుగా వస్తే మా వాకిట్లో చదును చేసుకోడానికి వీలుగా ఉంటుంది."

"సరే మిస్." వాడు మళ్ళీ నమలడం మొదలెట్టాడు. "కార్టన్ వద్దులెండి. అప్పట్లో బస్సు సీటు కోసేసింది నేనే."

శుక్రవారం మధ్యాహ్నం గ్లెనిస్ దూరంగా కంచెకు ఆనుకుని నిలబడి చూసింది. పళ్ళున్న బకెట్ తీసేసి నున్నటి అంచున్న బకెట్ తగిలించాడు స్టావ్. దాన్ని నేలకు పడుకోబెట్టి, పెనం మీంచి అట్టు తీసినట్టు మెల్లగా ముందుకు తోశాడు. పూలు నిలబడే కదిలాయి. పలక లేచి టిప్పర్‌లోకి వెళ్తున్నప్పుడు పొడుగాటి రేకులు గాల్లో ఊగాయి. కొన్ని పలకలు మధ్యకు విరిగి పడిపోయాయి. విరిగిన ప్రతిసారీ స్టావ్ క్యాబిన్‌లోంచి తిట్టుకోవడం వినిపించింది. ఆమె మాత్రం కంచె తీగను పట్టుకుని నిలబడింది. తీగ ముళ్ళు అరచేతిలో గుచ్చుకున్న సంగతి ఇంటికొచ్చాక గానీ తెలియలేదు.

వాకిట్లో లోడు దిగాక మొదట వచ్చింది మెర్వే. ఎవరో చెప్పినట్టున్నారు. గేటు బయటే నిలబడి అరిచాడు.

"ఇది దొంగతనమే గ్లెనిస్! దొడ్డిదారి దొంగతనం!"

"మట్టి తెప్పించుకోవడం దొంగతనమా?"

"నన్ను వెర్రివాణ్ణి చెయ్యకు! అది మట్టా?"

"రిపోర్టు చదువుకో. మట్టే."

కుప్ప మీద ఒక పక్కకు ఒరిగిన పలకలో ఒక పువ్వు తల వేలాడేసి ఉంది. ఆయన అటు చూడకుండా ఉండాలని చాలా ప్రయత్నించాడు. చివరికి గేటు తోసుకుని వచ్చి ఆ పలకను రెండు చేతుల్తో లేపి సరిగ్గా కూర్చోబెట్టాడు. "ఎండలో పెడతావేంటే మొద్దూ!" అని కసిరి, కారులోంచి షేడ్‌నెట్ తేవడానికి పోయాడు.

శనివారం ప్రదర్శన మొదలవడం మామూలుగానే మొదలైంది. పదకొండయ్యేసరికి హాల్లో కుండీలు మాత్రమే మిగిలాయి. సంఘం మొత్తం గ్లెనిస్ వాకిట్లో మోకాళ్ళ మీద ఉంది. నిలిచిన పలకల్ని చెక్క పెట్టెల్లోకి ఎత్తేవాళ్ళు ఎత్తుతున్నారు. విరిగినవాటిని వంటింటి జల్లెళ్ళలో పోసి వేళ్ళతో చిదిమేవాళ్ళు చిదుముతున్నారు. పూత కాలానికి పాత దుంప పక్కనే వచ్చే ఏటి దుంప తయారై ఉంటుంది. జల్లెడలో రాళ్ళూ వేర్లూ పోగా, పీచు తొడుగు వేసుకున్న తెల్లటి గింజ ఒకటి మిగిలితే "ఇదిగో!" అని కేక వినబడుతుంది. తెగిన దుంపలు కూడా చాలానే దొరికాయి. వాటికి ఎవరూ కేక వేయలేదు. ఊరికే పక్కన పెట్టారు.

పక్కన పెట్టినవాటి కుప్ప పెరుగుతుంటే గ్లెనిస్ చూస్తోంది. ఇది ఇటు సగం. అటు సగం సోమవారం పోతుంది. ఇంకో లోడుకు వాకిట్లో చోటు లేదు, పట్టుకొచ్చినా ఇంతే, సగం పువ్వు, సగం శవం. నిన్నటి నుంచి తన తెలివికి తనే మురిసిపోతోంది. ఆ మురిపెం కాస్తా ఇప్పుడు నోట్లో చేదుగా ఉంది.

ప్రోసర్ కారు గేటు ముందు ఆగింది. బహుమతులివ్వాల్సిన మనిషి, మెడకు టై కట్టుకుని వచ్చాడు. హాల్లో ఎవరూ లేకపోతే టీ పోసే ఆవిడ ఇటు పంపిందట. వాకిట్లోకి వచ్చి, పెట్టెల్లో నిలబడ్డ పూలను చూసి, అక్కడే ఆగిపోయాడు. జల్లెళ్ళన్నీ ఆగాయి.

"ఏంటండీ ఇది?"

మెర్వ్ లేచి నిలబడ్డాడు. రాత్రంతా ఆయన ఈ జవాబు సాధన చేసి ఉంటాడు. "మట్టండీ. రోడ్డు పని వాళ్ళు పారేసే పైమట్టి. లోడు తెప్పించుకున్నాం. ఆ స్థలంలో రక్షిత జాతి మొక్కలేవీ లేవని మీ రిపోర్టే చెబుతోంది కదా." ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ గొంతు తడబడలేదు.

ప్రోసర్ ఒక్కొక్క పెట్టెనూ చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆయన భుజాలు కిందికి దిగాయి. ఎవరో మూట దించినట్టు మొహం తేలికపడింది.

"మట్టే అయితే ఇబ్బంది లేదండీ" అన్నాడు. "మట్టి మా శాఖ కిందికి రాదు."

నవ్వులు వినిపించాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. ఒకావిడ ప్రోసర్‌కు కేకు తేవడానికి లేచింది. గ్లెనిస్ ఆ తేలికపడ్డ మొహాన్నే చూస్తోంది. బుధవారం మోకాళ్ళ మీద కూర్చుని అబ్బా అన్నదీ ఈ నోరే. ఇన్నేళ్ళు ప్రతి సెప్టెంబరులో తను బస్సు మెల్లగా నడిపింది మట్టి కోసమా? ఒళ్ళు భగ్గుమంది. ఆయన మీద ఎంతో, ఆ మాట మొదట అన్న తన మీద అంతకు రెట్టింపు.

"మట్టి కాదు" అంది.

"గ్లెనిస్!" అన్నాడు మెర్వ్.

"మట్టి కాదండీ. సాలీడు ఆర్కిడ్లు. వంపు దగ్గరివి. వాటి కోసమే, తెలిసే, నేనే తెప్పించాను. డ్రైవరును మట్టే అడిగాను, వాడి తప్పేం లేదు. వీళ్ళెవరికీ సంబంధం లేదు. నా మీద రాయండి."

"మిసెస్ నోస్కి," ప్రోసర్ గొంతు తగ్గించాడు, "మీకు అర్థమవుతోందా? ఇప్పుడే అయిపోయింది కదా. అందరికీ మంచిగా అయిపోయింది."

"వాటికి మంచిగా అయిందా?" పక్కన పెట్టిన తెగిన దుంపల కుప్ప చూపించింది. "ఘటన జరగాలన్నారు కదా మీరు. ఉల్లంఘన జరిగితే తప్ప కేసు తెరవలేమన్నారు. ఇదిగో, జరిగింది. దొంగతనం రాయాలంటే ఏం పోయిందో రాయాలి, ఎక్కడ పోయిందో రాయాలి. రాయండి. ఆ రెండు ముక్కలు సర్కారు కాగితం మీద పడ్డాక సోమవారం పొక్లెయిన్ ఎలా కదులుతుందో నేనూ చూస్తాను."

ప్రోసర్ టై ముడి వదులు చేసుకున్నాడు.

"జరిమానా చిన్నది కాదండీ. పైగా సంఘం లైసెన్సు... తీసింది సభ్యులైతే..."

ఆ మాట అందరికీ తెలుసు. అందరూ మెర్వ్ వైపు చూశారు. ముసలాయన మొహం కందగడ్డలా అయింది.

"ఆ నియమం నువ్వే రాశావు" అన్నాడు గ్లెనిస్‌తో. ఆయన కోపం ఆమె మీద కాదని ఆమెకు తెలుసు.

"నేనే రాశాను. కానివ్వు."

"ఈ క్షణం నుంచి నువ్వు మా సభ్యురాలివి కావు." ఆమె పందిరి వైపు చెయ్యి చూపించాడు. "నీ పందిరి కింద ఉన్నవన్నీ సంఘం లైసెన్సు మీద ఉన్నవి. సాయంత్రం వచ్చి పట్టుకుపోతాం. దించు ఆ జల్లెడ."

గ్లెనిస్ జల్లెడ దించింది. అందులో అప్పుడే దొరికిన దుంప ఒకటి ఉంది. దాన్ని చిటికెడు మట్టితో సహా తీసి మెర్వ్ అరచేతిలో పెట్టింది. ఆయన పిడికిలి బిగించి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ప్రోసర్ కారులోంచి పుస్తకం తెచ్చి బానెట్ మీద పెట్టుకున్నాడు. చాలాసేపు పెన్ను మూత తియ్యలేదు. తర్వాత తీశాడు.

"ఏ మొక్క?"

ఆమె పేరు చెప్పింది. లాటిన్ పేరు కూడా, ఒక్కో అక్షరం, తప్పు పోకుండా.

"ఎక్కడి నుంచి?"

"వంపు దగ్గర. నీలగిరి చెట్టు నుంచి గులాబీ రిబ్బను కర్ర దాకా. రోడ్డుకు అవతల పక్క ఇంకా ఉన్నాయి. అది కూడా రాయండి, దొంగ మళ్ళీ వచ్చే ప్రమాదం ఉందని."

ప్రోసర్ తలెత్తి ఆమెను చూశాడు. నవ్వలేదు. రాశాడు.

సోమవారం పొద్దున బస్సులోకి ఎక్కుతున్న ప్రతివాడూ ఆమెను పరీక్షగా చూసి ఎక్కాడు. ఊళ్ళో వార్త తిరగడానికి ఆదివారం ఒక్కటి చాలు. ఆమె మాత్రం పట్టించుకోలేదు. ఖాళీ అయిపోయిన పందిరి కింద నిన్నంతా తిరిగి తిరిగి ఆమెకు కాళ్ళు పీకుతున్నాయి. కుండీలు ఉన్నచోట బల్ల మీద గుండ్రటి తడి మచ్చలు మిగిలాయి. పొద్దున వాటికి కూడా అలవాటు కొద్దీ నీళ్ళు పట్టబోయి, ఆగింది.

"మిస్, మీరు దొంగట కదా!" వెనక సీటు వాడే. మొత్తానికి అడిగేశాడు.

"అవును."

అవునంటుందని ఎవరూ అనుకోలేదు.

"ఏం దొంగిలించారు మిస్?"

వంపు వచ్చింది. ఇటు పక్కంతా గీకేసిన ఎర్రనేల. పొక్లెయిన్ బకెట్ నేలకు దించి, నోరు మూసుకుని నిలబడి ఉంది. కంచె మీద కూర్చున్న స్టావ్ చేతిలోని పేస్ట్రీని ఆమె వైపు ఎత్తి చూపించాడు. అటు పక్క గులాబీ రిబ్బను కర్రలు ఒక్కటీ లేవు. వాటి చోట తెల్లటి టేపు ఒకటి పొడుగునా కట్టి ఉంది, దాని అవతల గాలికి సన్నటి కాళ్ళు ఊగుతున్నాయి.

గ్లెనిస్ బస్సు ఆపి తలుపు తెరిచింది.

"దిగండి. టేపు ఇవతలే నిలబడండి. అడుగు చూసి వెయ్యండి."

"లెక్కల పీరియడ్ పోతుంది మిస్."

"పోనీ."

పిల్లలు దిగి రోడ్డు వార నిలబడ్డారు. వెనక సీటు వాడు చేతులు జేబుల్లో పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. "ఏదీ మిస్? గడ్డే కదా ఉంది."

"సర్వే వాళ్ళూ అదే అన్నారు" అంది గ్లెనిస్. "వంగి చూడు."

వాడు వంగాడు.